బందర్ జహాజ్ ఏ రంగు?

పోయిన రంజాన్ పండక్కి ఘంటసాలలో మా ఆపా ఇంటికి వెళ్లాను. షీర్ ఖుర్మా తాగి వరండాలోకి వచ్చేసరికి ఇంటర్ చదివే మా భాంజా ఓ మూల అట్టపెట్టె పక్కకి పడుకోబెట్టి, దాని లోపల జానెడు ప్లాస్టిక్ ఓడ నిలబెట్టి, కలం లాంటి చిన్న గన్నుతో దానికి రంగు కొడుతున్నాడు. పక్కన బుల్లి కంప్రెసర్ గుర్రుమంటోంది. ఆ గన్నుని ఎయిర్‌బ్రష్ అంటారు. వాడు ఏడాది పాటు ఈదీ డబ్బులు దాచి కొనుక్కున్నాడట.

ఆపా మాత్రం గడప దాటి రాలేదు. దుపట్టా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడింది. నిజానికి అక్కడ వాసనేమీ లేదు. వాడు వాడేది నీళ్లతో కలిపే యాక్రిలిక్ రంగు.

"వాసన లేదని నాకూ తెలుసు తమ్ముడూ. ఆ గన్ను చప్పుడు వింటే అబ్బా దగ్గు వినపడుద్ది" అంది.

మా అబ్బా విజయవాడలో లారీ బాడీలు కట్టే షెడ్డులో స్ప్రే పెయింటర్. ఆయన దగ్గు గురించి తర్వాత చెప్తాను. ముందు మా భాంజా అడిగిన సవాల్ చెప్పాలి. వాడు ఓడని తిప్పి చూపిస్తూ అన్నాడు: "మామూ, ఇది శాంటా మారియా. కొలంబస్ జహాజ్. ఏ భాగానికి ఏ రంగు వెయ్యాలో కాగితంలో రాసుంది. మన బందర్‌కి కూడా ఇట్లాంటి జహాజులుండేవా? ఉంటే వాటి రంగేంటి?"

పాతికేళ్లుగా అఖ్‌బారుల్లో రాస్తున్నాను. బందర్ తారీఖ్ మీద పది వ్యాసాలు రాసుంటాను. గోల్కొండ సుల్తానుల పేర్లు వరసగా చెప్పగలను. జహాజ్ రంగేంటంటే నోట మాట రాలేదు. ఆ రాత్రి నుంచి వెతకడం మొదలుపెట్టాను. దొరికింది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో సగం వాడి సవాల్‌కి జవాబు, సగం ఆపా భయానికి జవాబు.

ఘంటసాల రేవు

ఘంటసాల అనగానే అందరికీ పాట గుర్తొస్తుంది. ఆ గాయకుడి ఇంటిపేరు ఇదే మరి. కానీ ఈ ఊరి పేరు పాట కంటే పద్దెనిమిది వందల ఏళ్లు పాతది. 2వ శతాబ్దంలో టాలెమీ రాసిన భూగోళ గ్రంథంలో కొంటకొస్సిల అనే బజారు పట్నం ఉంది. నాగార్జునకొండ శాసనంలో కంటకసేల అని ఉంది. ఆ రెండూ మన ఘంటసాలే అని చరిత్రకారుల మాట. 19వ శతాబ్దం చివర అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వితే బౌద్ధ స్తూపం బయటపడింది. ఇక్కడి బ్రాహ్మీ శాసనాల్లో ఒకదాంట్లో శివకుడనే మహానావికుడి పేరుంది. మహానావికుడంటే తర్వాతి కాలంలో మనవాళ్లు నాఖుదా అన్నారే, ఆ దర్జా మనిషి. ఇప్పుడు ఘంటసాలలో నిలబడితే సముద్రం కనపడదు. కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రు తీరాన్ని ఏళ్ల తరబడి దూరంగా జరిపేసింది. రేవు పోయి వరిచేను మిగిలింది.

ఆ కాలపు ఓడ బొమ్మ మనకి ఒకటి దొరికింది. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి 2వ శతాబ్దం చివర వేయించిన సీసం నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ ఉంటుంది. గోరంత నాణెం మీద ఆ ఓడ చెక్కినవాడు కూడా మా భాంజా లాంటి పనే చేశాడనుకోవచ్చు. పెద్దదాన్ని చూసి, కొలత తగ్గించి, చేతిలో పట్టేలా చేశాడు. ఎన్ని కొయ్యలో చెప్పాడు. రంగు మాత్రం సీసం చెప్పలేదు.

మక్కాకి బియ్యం మోసిన జహాజులు

కృష్ణ ముఖం మారాక రేవు కూడా మారింది. కుతుబ్‌షాహీల జమానాలో, అంటే 1518 నుంచి 1687 దాకా, గోల్కొండ సల్తనత్‌కి సముద్రపు దర్వాజా మచిలీపట్నం. మనం బందర్ అంటాం. ఫార్సీలో బందర్ అంటే రేవు. ఊరి పేరే రేవు అయిపోయిందంటే ఆ రేవు ఎంత నడిచిందో ఊహించుకోండి. 1605–06లో డచ్చివాళ్లు ఇక్కడ కొఠీ పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్లు దిగారు. మన స్కూలు పుస్తకాల్లో బందర్ కథ ఇక్కడ మొదలవుతుంది, తెల్లవాళ్ల ఓడ వచ్చిన రోజున. అప్పటికే మన ఓడలు ఇక్కణ్నుంచి వెళ్తూ వస్తూ ఉన్నాయన్న సంగతి పిల్లలకి ఎవరూ చెప్పరు.

1618 నుంచి 1622 దాకా బందర్‌లో ఉన్న విలియం మెథ్వోల్డ్ అనే ఇంగ్లీషు వ్యాపారి తను చూసింది రాసిపెట్టాడు. గోల్కొండ నుంచి ఎర్ర సముద్రానికి జహాజు వెళ్లేదని, జనవరిలో లంగరెత్తి సెప్టెంబరు, అక్టోబరుల్లో తిరిగొచ్చేదని, దాంట్లో మక్కా చేరే హాజీలకి ఖైరాత్‌గా పంచడానికి సుల్తాన్ బియ్యం పంపేవాడని ఆయన రాతల వల్ల తెలుస్తోంది. ఆ బియ్యం మన తీరపు బియ్యం. ఈ డెల్టా నేల మీద పండిన గింజ కాబా నీడలో ఏ ఫకీరు కడుపులోకో వెళ్లిందనుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇరాన్‌లోని అర్దిస్తాన్ నుంచి వచ్చిన మీర్ ముహమ్మద్ సయీద్ ఈ బందర్‌కే హవల్దార్ అయ్యాడు, తర్వాత గోల్కొండకి మీర్ జుమ్లా అయ్యాడు. ఆయనకి సొంత జహాజులుండేవి. అవి ఇరాన్ వైపూ, బర్మా వైపూ తిరిగేవి. ఆయన పేరు ప్రతి పుస్తకంలో ఉంది. ఆ జహాజుల మీద పనిచేసిన ఖలాసీల, తండేళ్ల, సారంగుల పేర్లు ఎక్కడా లేవు. వాటికి పూత పూసినవాళ్ల పేర్లు అసలే లేవు.

రంగు ఎక్కడ వెతకాలి

నేను చేసిన మొదటి తప్పు, రంగు కోసం బాద్షాల పుస్తకాలు తిరగెయ్యడం. అందులో జహాజు ఎన్ని హొన్నుల సరుకు మోసిందో ఉంటుంది, దాని ఒంటికేం పూశారో ఉండదు. రంగు తెలియాలంటే చెక్క ఎక్కడిది, నూనె ఎక్కడిది, తాడు దేనితో పేనారు అని కారీగర్ వైపు నుంచి అడగాలి.

ఓడలు కట్టింది బందర్‌లో కంటే నర్సాపురం దగ్గర ఎక్కువ. గోదావరి మీదుగా టేకు దుంగలు దిగేవి. 1670ల్లో ఈ తీరమంతా తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు, ఓడలు కట్టడానికీ బాగుచెయ్యడానికీ నర్సాపురంలో అన్నీ దొరుకుతాయని రాశాడు. కలపకి కలప, ఇనుముకి ఇనుము. ఇంగ్లీషువాళ్లు కూడా తమ ఓడలు అక్కడే కట్టించుకునేవాళ్లు.

కొత్త టేకు తేనె రంగులో ఉంటుంది. నూనె పట్టిస్తే ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది. నూనె లేకుండా ఎండకీ ఉప్పుగాలికీ వదిలేస్తే బూడిద రంగుకి వచ్చేస్తుంది. నీళ్లలో మునిగే అడుగు భాగానికి హిందుస్తాన్ రేవుల్లో ఒక పూత పూసేవాళ్లు. సున్నం, నూనె కలిపి బాగా దంచి చేసిన ముద్ద అది. దాన్ని గల్గల్ అనేవాళ్లు. ఆరితే రాయిలా గట్టిపడి, చెక్కని తొలిచే సముద్రపు పురుగుని లోపలికి రానివ్వదు. అంటే జహాజు అడుగు మురికి తెలుపు. తాళ్లు కొబ్బరి పీచువి, ఎర్రమట్టి రంగు. తెరచాపలు ముతక నూలు బట్టవి. డంగ్రీ అనే ఆ బట్ట పేరే ఇంగ్లీషులోకి వెళ్లి డంగరీ అయింది. తెల్లబరచని కోరా రంగు, వానకి తడిసి ఎండకి కాలి మధ్యమధ్య చారలు.

మసూలా పడవల్ని కూడా మరవకూడదు. పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేని చోట అలల మీదుగా మనుషుల్నీ సరుకునీ మోసింది అవే. వాటికి ఇనప మేకు ఉండదు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేస్తారు. అల కొడితే విరగదు, వంగుతుంది.

1864 నవంబరు 1న తుపాను ఉప్పెన బందర్ మీద పడింది. దాదాపు ముప్ఫై వేలమంది చనిపోయారంటారు. తర్వాత మనం కళ్లారా చూసిన 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన. ఇలాంటి తీరంలో కొయ్య ఓడ మిగిలి మ్యూజియంలో కూర్చోవడం కుదిరే పని కాదు. మనకి మిగిలినవి మాటలూ, పనిపద్ధతులూ. వాటితోనే రంగు కట్టుకోవాలి.

ఛీంట్, అఫ్‌షాన్, అక్కాసీ

ఇదంతా ఫోన్‌లో చెప్తుంటే మా భాంజా ఇంకో మాట అన్నాడు. "బాగుంది మామూ. అయినా ఈ స్ప్రే పని మనది కాదుగా. ఫారిన్‌దేగా." ఆ మాట దగ్గర నేను కొంచెం ఆగాను.

కలంకారీ కోసం ఐరోపా జనం ఎగబడ్డ రోజుల్లో ఆ బట్టని వాళ్లు చింట్జ్ అన్నారు. అది మన ఛీంట్ అనే మాట. ఉర్దూలో ఛీంట్ అంటే చిమ్మిన చుక్క, చిలకరింపు. చుక్కలు పడ్డ బట్ట కూడా ఛీంటే. మన పల్లెల్లో ముసలివాళ్లు చీటి గుడ్డ అంటారే, అదీ ఇదే. ఇరాన్‌కి వెళ్లే రుమాళ్లు, పరదాలు బందర్ నుంచే ఎక్కేవి. కలమ్, కార్ రెండూ ఫార్సీ మాటలే. ఆ పని చేసిన చేతుల్లో హిందువుల చేతులూ ఉన్నాయి, ముసల్మానుల చేతులూ ఉన్నాయి. ఈరోజుకీ పెడనలో ఉన్నాయి.

కలంకారీలో రంగు కంటే ముందు నడిచే తయారీయే ఎక్కువ. బట్టని ఉతికి గంజి వదలగొట్టాలి. కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. పాలలోని కొవ్వు వల్ల గీసిన గీత పక్కకి పాకదు. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పెడతారు. ఆ తర్వాత చిరివేరుతో ఉడికిస్తే పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. నలుపుకి తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన కసిం. తర్వాత కాలవ నీళ్లలో జాడించడం, మళ్లీ ఎండలో పరచడం. 1693లో అచ్చయిన తన పుస్తకంలో డేనియల్ హవార్ట్ అనే డచ్చి ఉద్యోగి పాలకొల్లు అద్దకం వాళ్ల గురించి రాశాడు. పని నత్త నడకలా సాగుతుందనీ, సబర్‌కి బొమ్మ గియ్యాలంటే ఆ కారీగర్‌ని చూసి గీస్తే చాలనీ ఆయన భావం.

ఇక రంగు చల్లే హునర్ సంగతి. ఈరాన్‌లో, మధ్య ఆసియాలో కితాబ్‌ఖానాల్లో కాగితానికి జిగురు పూసి దాని మీద బంగారు రజను చల్లేవాళ్లు. దాన్ని జర్-అఫ్‌షాన్ అంటారు. అఫ్‌షాన్ అంటే చల్లడం. పెళ్లికూతురి నుదుట మనవాళ్లు అద్దే అఫ్‌షాన్ కూడా ఆ మాటే. కాగితంలో పువ్వో తీగో కత్తిరించి, ఆ నమూనా పేజీ అంచు మీద పెట్టి, కత్తిరించిన మేర మాత్రమే రంగు పడేలా చేసే పని ఇంకోటుంది. దాన్ని అక్స్, అక్కాసీ అనేవాళ్లు. ఈ కితాబ్‌ఖానాల రివాజులు దక్కన్ దర్బారులకీ వచ్చాయి. నీళ్ల మీద రంగు తేలించి కాగితానికి ఎక్కించే అబ్రీ పనిలో 17వ శతాబ్దపు బీజాపూర్‌కి పెద్ద పేరు. మా భాంజా ఓడ మీద టేపు అంటించి, టేపు లేని చోట రంగు చిమ్మి, టేపు పీకితే చక్కటి గీత వస్తుంది. ఆ నమూనా సూత్రమే ఇదీ.

ఉర్దూలో ఇప్పుడు అక్కాసీ అంటే ఫోటోగ్రఫీ. ఎయిర్‌బ్రష్ పుట్టింది కూడా ఫోటో కోసమే. 1879లో అమెరికాలోని అయోవాలో అబ్నర్ పీలర్ అనే ఆయన గాలితో రంగు చిమ్మే పనిముట్టు చేశాడు. 1893లో చార్లెస్ బర్డిక్ దాన్ని ఇప్పటి రూపానికి తెచ్చాడు. రంగూ గాలీ గన్ను లోపలే కలిసి సన్నగా బయటికి వస్తాయి. వాటితో చేసింది ఫోటోల్లో మొహాలకి మెరుగులు దిద్దే పని. పనిముట్టు అక్కడిదే, కాదనను. రంగుని పలచగా, పొరలుగా, హద్దు దాటకుండా పరిచే ఇల్మ్ మాత్రం మన తీరానికి కొత్త కాదు. మా భాంజాకి అదే చెప్పాను.

గొంతు మందు నుంచి లారీ షెడ్డుకి

ఇప్పుడు అబ్బా దగ్గరికి రావాలి.

లారీలకి, కార్లకి కొట్టే పెద్ద స్ప్రే గన్నుది ఇంకో పుట్టుక. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో అలెన్ డెవిల్‌బిస్ అనే గొంతు డాక్టరు ఉండేవాడు. 1880ల చివర్లో రోగి గొంతులోకి మందు పిచికారీ చెయ్యడానికి ఒక బుడ్డీ తయారుచేశాడు. ఆయన కొడుకు థామస్ 1907లో ఆ సూత్రంతో రంగు కొట్టే గన్ను చేశాడు. 1920ల్లో డ్యూకో అనే త్వరగా ఆరే రంగు వచ్చింది. అంతకుముందు కారుకి రంగు పని వారాలు పట్టేది, గంటల్లోకి వచ్చేసింది. అది ప్రపంచమంతా పాకింది. మన షెడ్డుల్లో ఇప్పటికీ స్ప్రే పెయింటింగ్ అంతటినీ డూకో అనే అంటారు.

గొంతుకి షిఫా ఇవ్వడానికి పుట్టిన పనిముట్టు, మా అబ్బా గొంతుని తినేసింది. ఈ సంగతి చదివిన రోజు నేను పుస్తకం మూసేసి చాలాసేపు బయట కూర్చున్నాను.

అబ్బా ఇరవై రెండేళ్లు లారీలకి రంగు కొట్టాడు. రేకుల షెడ్డు, ఒక్కటే దర్వాజా, ఫ్యాను లేదు. ముక్కుకి కట్టుకున్నది అమ్మీ పాత చీర ముక్క. చీర ముక్క రంగు చుక్కని కొంచెం ఆపుతుందేమో, థిన్నర్ ఆవిరిని ఆపదు. తర్వాత గట్టిపడే ద్రావకం కలిపి కొట్టే రంగులొచ్చాయి. వాటిలో ఐసోసయనేట్ అనే పదార్థం ఉంటుంది. అది ఊపిరితిత్తులకి ఒకసారి పడకపోతే ఆ తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. ప్రపంచంలో స్ప్రే పెయింటర్లకి ఉబ్బసం రావడానికి పెద్ద కారణాల్లో అదొకటి. ఆ మాట మా అబ్బాకి ఎవరూ చెప్పలేదు. ఆయన ఇంటికొస్తే సైకిలు చప్పుడు కంటే ముందు థిన్నర్ వాసన వచ్చేది. మేము ఆ వాసనకి అబ్బా వచ్చాడని సంబరపడేవాళ్లం. చివరి నాలుగేళ్లు సజ్దాలోకి వంగలేక కుర్చీలో కూర్చుని నమాజ్ చదివాడు.

మన ఖాందాన్లలో ఇది ఒక్క మా ఇంటి కథ కాదని మీకు తెలుసు. టింకరింగ్, పెయింటింగ్, వెల్డింగ్, పాలిష్. చదువు ఆగిపోయిన మన పిల్లగాడిని ఏదో ఒక ఉస్తాద్ దగ్గర చేర్చేస్తాం. ఉస్తాద్ హునర్ నేర్పుతాడు. ఊపిరి కాపాడుకోవడం ఆయనకే తెలియదు, ఎలా నేర్పుతాడు? అందుకే ఆపా గడప దాటి రాలేదు. "మా ఇంట్లో మళ్లీ గన్నా?" అన్న భయం అది.

నీళ్లలో కలిసే రంగు

ఆపాకి నేను చెప్పిన జవాబు ఇది.

ప్లాస్టిక్ మోడల్ ఓడలు, విమానాల షౌక్ ఇంగ్లండ్‌లో 1936లో ఫ్రాగ్ పెంగ్విన్ కిట్లతో మొదలైంది. 1939లో నికొలస్ కోవ్ అనే హంగేరీ యూదుడు లండన్‌లో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ పెట్టాడు. తన దేశం వదిలి వచ్చిన మనిషి. 1952లో ఆ కంపెనీ అమ్మిన గోల్డెన్ హైండ్ అనే చిన్న ఓడ కిట్ ఇంటింటికీ చేరింది. ఆ రోజుల్లో వాటికి వేసేది ఎనామిల్ రంగులు. టర్పెంటైన్ లాంటి ద్రావకాలతో కలపాలి, కడగాలి. ఇల్లంతా వాసన.

1950ల్లో నీళ్లలో కలిసే యాక్రిలిక్ వచ్చింది. కంటికి కనపడని ప్లాస్టిక్ రేణువులు నీళ్లలో ఈదుతూ ఉంటాయి. నీళ్లు ఆరగానే అవి ఒకదానికొకటి అతుక్కుని పొర అవుతాయి. ఒకసారి ఆరితే మళ్లీ నీళ్లలో కరగదు. ఇప్పుడు బందర్‌లో, గుడివాడలో స్టేషనరీ షాపుకి వెళ్తే పిల్లల క్రాఫ్ట్ పనికి దొరికే ఫెవిక్రిల్, కామెల్ బుడ్డీలు ఈ జాతివే. మోడళ్ల కోసమే చేసిన రంగులు ఖరీదు, ఇక్కడ దొరకవు. అందుకే మా భాంజా ఈ బుడ్డీలతోనే నెట్టుకొస్తున్నాడు.

అంత సులువుగా ఏం రాలేదు. ఆ రంగు చిక్కన, అందులో రేణువు కూడా కొంచెం ముతక. మొదటి రోజు గన్ను మూతి మూసుకుపోయింది. రెండో రోజు ప్లాస్టిక్ మీద రంగు చుక్కలు చుక్కలుగా ముడుచుకుపోయింది. మూడో రోజు గోరు తగిలితే పొరలా ఊడొచ్చింది. వాడు అప్పుడు నేర్చుకున్న వరస నాకు కలంకారీ వాళ్ల వరసలాగే అనిపించింది. ముందు ప్లాస్టిక్‌ని సబ్బునీళ్లతో కడగాలి, అచ్చులోంచి ఊడిరావడానికి ఫ్యాక్టరీలో పూసిన జిడ్డు పోవాలి. తర్వాత ప్రైమర్, బట్టకి పటిక ఉన్నట్టు. ప్రైమర్ లేకపోతే యాక్రిలిక్ నున్నటి ప్లాస్టిక్‌ని గట్టిగా పట్టుకోదు. తర్వాత రంగుని పాల చిక్కదనానికి తెచ్చి పలచటి బట్టలో వడకట్టాలి. అర మిల్లీమీటరు మూతి ఉన్న గన్ను అయితే ఈ రంగులకి నయం. గాలి ఒత్తిడి ఇరవై, పాతిక పీఎస్‌ఐ దగ్గర పెట్టాలి. ఒకేసారి తడిసేలా కొట్టకూడదు. పొగమంచులా ఒక పొర, ఆరాక ఇంకో పొర. ముందు ఓ ప్లాస్టిక్ చెంచా మీద కొట్టి చూసుకోవాలి.

మన డెల్టా గాలికి ఇంకో చిక్కుంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కంప్రెసర్ గొట్టంలో నీళ్లు చేరతాయి. రంగు మధ్యలో టపీమని ఓ నీటి బొట్టు పడుతుంది. దారిలో నీళ్లు పట్టే చిన్న బుడ్డీ బిగించుకోవాలి. ఎండాకాలం మధ్యాహ్నమైతే ఉల్టా, సూది కొస మీదే రంగు ఆరిపోతుంది. తడి కుంచెతో తుడుస్తూ ఉండాలి. వాడు ఫజ్ర్ తర్వాత కొట్టడం మొదలుపెట్టాడు. ఎండ ఎక్కకముందే ఒక పొర అయిపోతుంది. ఈ రంగు పనే మావాడిని ఫజ్ర్‌కి లేపుతోందని దుల్హాభాయ్ నవ్వాడు.

ఆపాకి నేను గట్టిగా చెప్పిన మాట ఇంకోటుంది. వాసన తక్కువంటే గాలి శుభ్రంగా ఉందని అర్థం కాదు. చిమ్మిన రంగు కంటికి కనపడనంత సన్నటి తుంపరై గాలిలో తేలుతుంది. నీళ్ల రంగైనా ఆ రేణువులు ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు. కరోనా టైములో మనం కొన్న ఎన్95 లాంటి మాస్కు ఈ తుంపరని ఆపుతుంది. థిన్నర్ ఆవిరిని అది ఆపలేదు, కాబట్టి ఆ మాస్కు ధైర్యంతో లారీ రంగు కొట్టొద్దు. మూసిన గదిలో వద్దు, కిటికీ దగ్గర ఫ్యాను గాలిని బయటికి తోసేలా పెట్టుకోవాలి. చంటిపిల్లలు, ఆయాసం ఉన్నవాళ్లు ఆ గదిలో ఉండకూడదు. ఆపా వెంటనే లేచి వెళ్లి టేబుల్ ఫ్యాను తెచ్చింది. తనే దాన్ని కిటికీ వైపు తిప్పి పెట్టింది.

బొమ్మలు చెయ్యొచ్చా?

దుల్హాభాయ్‌కి ఇంకో ఫికర్. "ఇదంతా బాగుంది గానీ, బొమ్మలు చెయ్యడం జాయజేనా?" అని అడిగాడు. ఫత్వా ఇచ్చే హైసియత్ నాకు లేదు. మీ మస్జిద్ ఆలిమ్‌ని అడగండి. నేను చదివినంతలో, బొమ్మలు గీసి బతికే ఒకాయన హజ్రత్ ఇబ్నె అబ్బాస్ రజియల్లాహు అన్హు దగ్గరికొచ్చి తన రోజీ గురించి అడిగితే, చెయ్యక తప్పదనుకుంటే చెట్లూ ప్రాణం లేని వస్తువులూ గీసుకోమని ఆయన సలహా ఇచ్చిన రివాయత్ సహీహ్ బుఖారీలో ఉంది. ఓడ ప్రాణం లేని వస్తువే. కిట్‌లో వచ్చిన చిన్న నావికుల బొమ్మల్ని మా భాంజా అతికించలేదు, డబ్బాలోనే ఉంచేశాడు.

తెరచాపల మీద వెయ్యాల్సిన ఎర్ర సిలువల్ని కూడా వాడు పక్కన పెట్టాడు. అది కొలంబస్ నావికుల దీన్ గుర్తు, వాళ్ల ఓడ మీద అది ఉండాలి. కొలంబస్ బయల్దేరిన 1492లోనే, జనవరిలో, గర్నాతా పడిపోయింది. స్పెయిన్‌లో మన ఆఖరి సల్తనత్ అది. ఇది చెప్పినప్పుడు వాడు ఓడని చేతిలో పట్టుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే దీన్ని బందర్ జహాజే చేసేద్దాం మామూ" అన్నాడు.

ఆకారం బందర్‌ది కాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. గోల్కొండ జహాజ్ కిట్ ఏ కంపెనీ చెయ్యలేదు. దొరికిన ఆకారానికి తెలిసిన రంగులు వేశాడు. అడుగుకి గల్గల్ తెలుపు, అందులో కాస్త బూడిద, కాస్త పసుపు. పైన నూనె పట్టిన టేకు, దాని మీద ఉప్పుగాలికి వెలిసినట్టు అక్కడక్కడ పలచటి బూడిద పొర. తాళ్లకి పీచు రంగు. తెరచాపలకి కోరా రంగు మూడుసార్లు కలిపినా కుదరలేదు. చివరికి ఆపా లోపల్నుంచి ఓ పాత సంచి తెచ్చి ముందు పెట్టింది. ఉతికి ఉతికి మెత్తబడిన ముతక నూలు సంచి. ఒకప్పుడు అబ్బా దాంట్లో గన్ను పెట్టుకుని పనికి వెళ్లేవాడు. మూల మీద ఇంకా ఎర్ర చుక్కలున్నాయి, ఏ లారీకో కొట్టిన రంగు.

వాడు ఆ సంచిని పక్కన పెట్టుకుని, చూస్తూ రంగు కలిపాడు. ఈసారి కుదిరింది.

ఆ ఓడ ఇప్పుడు ఆపా ఇంట్లో అల్మారా మీద ఉంది. కింద చెక్క మీద పేరు రాయమంటే వాడు తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి బందర్ అని రాశాడు. ఉర్దూ అక్షరాలు నేనే గీసిచ్చాను, వాడి స్కూల్లో ఉర్దూ లేదు. బందర్‌లో ఇప్పుడు మళ్లీ పోర్టు కడుతున్నారు. అది పూర్తయి ఓడలొస్తే వాడికి ఉద్యోగం దొరుకుతుందో లేదో అల్లాహ్‌కే ఎరుక. ఈ రేవు నుంచి ఒకప్పుడు ఏం వెళ్లిందో, దానికి ఎవరు పూత పూశారో అడిగేవాడు మాత్రం మా ఇంట్లో ఒకడున్నాడు.

మీ ఇళ్లలో రంగు పని, పాలిష్ పని, వెల్డింగ్ పని చేసిన బుజుర్గులుంటే, వాళ్లు ఏ రంగు ఎలా కలిపేవాళ్లో, ఎక్కడ నేర్చుకున్నారో అడిగి రాసిపెట్టండి. ఇంకా ఆ పని చేస్తున్నవాళ్లుంటే ముందు మంచి మాస్కు కొనివ్వండి. మా అబ్బా మగ్‌ఫిరత్ కోసం దువా చెయ్యండి.